విత్తనాల వడ్లు మరకు వేయకూడదు

పోయిన వేసవిలో అమ్మ మూడు నెలల వీసా మీద మా దగ్గరికి, బెర్లిన్‌కి వచ్చింది. మాది తెనాలి దగ్గర పల్లె. ఇక్కడ ఎండ కాస్తోందంటే నమ్మదు, శాలువా లేకుండా గడప దాటదు. ఓ శనివారం సంతకని కోల్విట్స్ ప్లాట్స్‌కి తీసుకెళ్ళాను. కొత్తిమీర కట్ట ధర అడిగి, దాన్ని వందతో హెచ్చవేసి, "ఈ డబ్బుతో మన వీధంతటికీ పచ్చడి చేయొచ్చే" అని నిట్టూర్చింది.

సంత పక్కనే పార్కు. అందులో పెద్ద కంచు విగ్రహం. ముసలావిడ, బరువైన బట్టలు, అలసిపోయిన ముఖం. పిల్లలు ఆవిడ ఒళ్ళోకి ఎక్కి, భుజాల మీదుగా జారి దిగుతున్నారు. మా వాడూ ఎక్కేశాడు.

"ఒరేయ్, దిగరా! పెద్దావిడ మీద కాళ్ళు పెట్టొచ్చా?" అని అమ్మ కేకేసింది. తర్వాత నావైపు తిరిగి, "ఎవరే ఈవిడ? ఏ రాణీగారో అయితే నగలుండేవి. ఈవిడ చూడబోతే మన అమ్మమ్మలా ఉంది" అంది.

ఆ విగ్రహం పక్కనుంచి కూరగాయల సంచీతో నేను నాలుగేళ్ళుగా నడుస్తున్నాను. పేరు కేటె కోల్విట్స్ అనీ, చిత్రకారిణి అనీ తెలుసు. అంతకుమించి తెలియదు. అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేక సిగ్గేసి చదవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఈవిడ కథే నడిచింది. ఈవిడ ఓ తల్లి, ఓ నాయనమ్మ, మహా మొండిమనిషి. ఆ మొండితనం వల్ల ఆవిడకి దక్కినవీ ఉన్నాయి, పోయినవీ ఉన్నాయి.

పెళ్ళయ్యాక బొమ్మలేమిటి?

కేటె 1867 జూలై 8న క్యోనిగ్స్‌బెర్గ్‌లో పుట్టింది. అప్పట్లో అది ప్రష్యా, ఇప్పుడు రష్యాలోని కలినిన్‌గ్రాడ్. తాతగారు యూలియస్ రుప్ మతాచార్యుడు. ప్రభుత్వ చర్చితో పేచీ పెట్టుకుని సొంతంగా స్వేచ్ఛా మతసమాజం స్థాపించాడు. తండ్రి న్యాయశాస్త్రం చదివి, తన అభిప్రాయాలతో ప్రభుత్వ కొలువు కుదరదని తాపీపని నేర్చుకుని ఇళ్ళు కట్టాడు. నమ్మినదానికోసం నష్టపోవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదన్నమాట.

కూతురి చేతిలో విద్య ఉందని ఆ తండ్రి ముందే గుర్తించాడు. అకాడమీల్లో ఆడపిల్లల్ని చేర్చుకోని రోజులు కాబట్టి బెర్లిన్‌లోనూ మ్యూనిక్‌లోనూ స్త్రీల కోసం నడిచే చిత్రకళా పాఠశాలలకి పంపాడు. ఆమె వైద్యవిద్యార్థి కార్ల్ కోల్విట్స్‌ని చేసుకుంటానన్నప్పుడు మాత్రం ఆయన దిగులుపడ్డాడు. సంసారం, కళ రెండూ కలిసి సాగవని ఆయన భయం. అమ్మాయి విన్లేదు. 1891లో పెళ్ళి చేసుకుని, ఇప్పుడు ఆవిడ పేరుతో ఉన్న ఈ కూడలి దగ్గర ఓ అద్దె ఇంట్లో కాపురం పెట్టింది. 1943 దాకా, అంటే 50 ఏళ్ళకు పైగా, ఆ ఇంట్లోనే ఉంది.

ప్రెంజ్లావర్ బెర్గ్ అంటే ఇప్పుడు అద్దె వింటేనే కళ్ళు తిరిగే పేట. అప్పుడది కూలీల వాడ. కార్ల్ దర్జీ పనివాళ్ళ ఆరోగ్య బీమా నిధి తరఫున పనిచేసే డాక్టరు. మన జీతాల్లోంచి నెలనెలా కోత పడే క్రాంకెన్‌కాసెకి మూలం 1883 నాటి చట్టం. ఆ వ్యవస్థ తొలి తరం వైద్యుల్లో ఈయన ఒకడు. ఆస్పత్రి గది, ఆవిడ బొమ్మల గది ఒకే కట్టడంలో ఉండేవి. దగ్గుతూ వచ్చే కుట్టుపని ఆడవాళ్ళు, మొగుడు తాగొచ్చి కొడతాడని ఏడ్చేవాళ్ళు, పాలు లేని చంటిపిల్లల తల్లులు డాక్టరుగారి దగ్గర మందు తీసుకుని, డాక్టరమ్మ దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళేవారు. ఆవిడ బొమ్మల్లోని ముఖాలన్నీ వాళ్ళవే.

1892లో హన్స్, 1896లో పీటర్ పుట్టారు. పిల్లలతో ఆవిడ పని ఎలా చేసిందని అందరూ అడుగుతారు. ఇంటిపనిలో సాయానికి దశాబ్దాలపాటు ఒకావిడ వాళ్ళింట్లోనే ఉంది. నాలాంటి గృహిణులు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒంటిచేత్తో అన్నీ చేసేసిన మహాతల్లి కథ కాదిది.

నేతగాళ్ళ బొమ్మలు, చక్రవర్తి అలక

1893లో గెర్హార్ట్ హౌప్ట్‌మన్ నాటకం 'నేతగాళ్ళు' చూసింది. సైలీషియాలో 1844లో ఆకలికి తాళలేక తిరగబడ్డ చేనేత కార్మికుల కథ అది. ఆవిడ చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, నాలుగేళ్ళు కూర్చుని ఆరు బొమ్మలు చేసింది. మొదటి బొమ్మలో ఇరుకు గది, వెనకాల మగ్గం, ముందు మంచం మీద చివరి ఊపిరితో ఉన్న బిడ్డ, తల పట్టుకున్న తల్లి. అమ్మకి ఫోన్లో అది చూపించాను. "మంగళగిరిలో మగ్గాలవాళ్ళ ఇళ్ళు ఇట్లాగే ఉండేవి. నూలు ధర పెరిగితే పొయ్యి వెలిగేది కాదు" అంది.

1898లో ఆ బొమ్మల్ని బెర్లిన్ ప్రదర్శనలో పెడితే, పెద్ద చిత్రకారుడు ఆడోల్ఫ్ మెంత్సెల్ వాటికి బంగారు పతకం ఇవ్వాలని సిఫారసు చేశాడు. చక్రవర్తి రెండో విల్హెల్మ్ కాదన్నాడు. ఆవిడ ఏమీ బతిమాలుకోలేదు. తర్వాతి పని మొదలుపెట్టింది.

ఆవిడ రంగుల చిత్రాలు వదిలేసి ముద్రణ చిత్రాలనే ఎందుకు పట్టుకుంది? డిగ్రీలో నేను చదివిన కెమిస్ట్రీ ఇన్నాళ్ళకి ఇక్కడ పనికొచ్చింది. లిథోగ్రఫీ అంటే రాతి ముద్రణ. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు ఉన్న పెన్సిల్‌తో బొమ్మ గీస్తారు. దానిమీద తుమ్మజిగురు, కాస్త నత్రికామ్లం కలిపిన నీళ్ళు పూస్తారు. ఆ తర్వాత రాయిని తడిపితే, గీత లేనిచోట తడి నిలుస్తుంది, జిడ్డు గీత మీద నిలవదు. నూనె సిరా రోలర్ దొర్లిస్తే తడిచోట అంటదు, గీతకే అంటుతుంది. దానిమీద కాగితం వేసి అదిమితే బొమ్మ. నూనె, నీళ్ళు కలవవన్న చిన్న సంగతి మీదే మొత్తం విద్య నడుస్తుంది. ఒక్క రాయి నుంచి ఎన్నో కాగితాలు తీయవచ్చు, చవగ్గా అమ్మవచ్చు, గోడలకి అంటించవచ్చు. ధనవంతుడి హాల్లో వేలాడే ఒక్క పటం కంటే కూలివాడి గోడ మీది వంద కాగితాలు ఆవిడకి ముఖ్యం.

తల్లి సంతకం

ఇక్కడి నుంచి అమ్మకి కథ చెప్పడం నాకు కష్టమైంది.

1903లో ఆవిడ 'చనిపోయిన బిడ్డతో స్త్రీ' అనే బొమ్మ చేసింది. ఓ తల్లి కాళ్ళు మడుచుకుని కూర్చుని, చనిపోయిన బిడ్డని మింగేసేలా కావలించుకుని ఉంటుంది. దానికి నమూనా ఆవిడే, ఆవిడ ఒళ్ళో ఉన్నది ఏడేళ్ళ పీటర్. అద్దం ముందు కూర్చుని వాణ్ణి పట్టుకుని గీసింది. "అయ్యో, ఎంత అశుభం! బతికున్న బిడ్డని అట్లా గీస్తారా?" అని అమ్మ లెంపలేసుకుంది.

పదకొండేళ్ళ తర్వాత, 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. పీటర్‌కి 18 ఏళ్ళు. స్వచ్ఛందంగా సైన్యంలో చేరతానన్నాడు. అప్పటి చట్టం ప్రకారం 21 నిండనివాడికి తండ్రి అనుమతి కావాలి. కార్ల్ ఒప్పుకోలేదు. పిల్లవాడు తల్లివైపు చూశాడు. దేశానికి నా అవసరం ఉందన్న కొడుకు నమ్మకాన్ని ఆవిడ కాదనలేకపోయింది. తను నమ్మినదానికి ఎవరూ అడ్డు రాకూడదన్న ఇంట్లో పెరిగిన మనిషి. భర్త దగ్గరికి వెళ్ళి, బతిమాలి ఒప్పించింది. అక్టోబర్ రెండోవారంలో వాడు బయల్దేరాడు. 22వ తేదీ రాత్రి బెల్జియంలో చనిపోయాడు. పట్టుమని పదిరోజులైనా కాలేదు.

ఇది వినగానే మా వాడు అడిగాడు, "మరి వాళ్ళ నాన్న వద్దన్నాడు కదా, అమ్మ ఎందుకు సరే అంది?" అని. నా దగ్గర జవాబు లేదు. అమ్మే అంది, "బిడ్డ అడిగితే తల్లి కాదనలేదురా. కాదనాల్సిన ఒక్కసారి కూడా కాదనలేకపోయింది, పాపం."

మొండిమనుషుల గురించి మనం చెప్పుకునే కథల్లో వాళ్ళు ఎప్పుడూ ఒప్పే చేస్తారు. ఈవిడ కథలో ఆ సుఖం లేదు. ఏ గట్టిదనంతో చక్రవర్తి అలకని లెక్కచేయలేదో, అదే గట్టిదనంతో భర్త మాటని తోసేసింది. ఆ తప్పుని ఆవిడ దాచుకోలేదు, దేశం కోసం త్యాగం చేశానని పెద్దమాటలు చెప్పి కప్పిపుచ్చుకోలేదు. కొడుకు గదిని ఉన్నదున్నట్టు ఉంచింది. అదే ఏడాది డిసెంబరులో వాడికోసం ఓ స్మారక శిల్పం చేయాలని సంకల్పించింది. చేసింది, నచ్చక ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టింది. మొదట అనుకున్న నమూనాలో కొడుకు రూపం కూడా ఉండేది. చివరికి అది తీసేసింది. మిగిలింది మోకాళ్ళ మీద కూర్చున్న ఇద్దరు తల్లిదండ్రులు. 1932లో బెల్జియంలో కొడుకు సమాధి ఉన్న సైనిక శ్మశానంలో వాటిని నిలబెట్టారు. 18 ఏళ్ళు పట్టింది. కొడుకు బతికిన ఏళ్ళు కూడా సరిగ్గా అన్నే.

తర్వాత సమాధులన్నిటినీ ఒకచోటికి చేర్చినప్పుడు శిల్పాలూ ఫ్లాడ్స్‌లో అనే ఊరి శ్మశానానికి మారాయి. 25 వేలకు పైగా జర్మన్ సైనికులు అక్కడ ఉన్నారు. తండ్రి చేతులు కట్టుకుని బిగుసుకుపోయి ఉంటాడు, తల్లి వంగిపోయి ఉంటుంది. ఇద్దరిమధ్య ఖాళీ జాగా. ఒకరినొకరు ముట్టుకోరు. ఆ ముఖాలు కార్ల్‌వీ, కేటెవీ.

విత్తనాల వడ్లు

1918 అక్టోబరు నాటికి యుద్ధం ఓడిపోయినట్టే అయినా, కవి రిఖార్డ్ డేమెల్ మిగిలిన మగవాళ్ళంతా చివరిసారి యుద్ధానికి కదలాలని పత్రికలో పిలుపిచ్చాడు. నాలుగేళ్ళ కిందట కొడుకుని కాదనలేని తల్లి ఈసారి పేరు పెట్టి, పత్రికలో, అందరి ముందూ కాదంది. చచ్చినవాళ్ళు చాలు, ఇంక ఒక్కరు కూడా పోకూడదంది. ఆ ఉత్తరాన్ని గోథే మాటతో ముగించింది. దాని భావం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే: విత్తనాల గింజల్ని పిండి కొట్టకూడదు.

ఇది చెప్పగానే అమ్మ ముఖం మారిపోయింది. మా అమ్మమ్మ పేరెత్తింది. ఓ ఏడు వరదకి చేను మునిగి, ఇంట్లో తినడానికి గింజ లేదట. వేపాకు కలిపి మూటకట్టిన విత్తనాల వడ్ల బస్తా మాత్రం అటక మీద ఉందట. తాతయ్య దాన్ని దించబోతే అమ్మమ్మ నిచ్చెనకి అడ్డం నిలబడి, "అది ఈ ఏటి తిండి కాదు, వచ్చే ఏటి పొలం. నన్ను దాటి వెళ్ళి దించుకో" అందట. నెలరోజులు ఇంటిల్లిపాదీ జొన్నగంజి తాగారు. అప్పు చేసింది, గాజులు తాకట్టు పెట్టింది కానీ ఆ బస్తా మాత్రం దించనివ్వలేదు. "విత్తనాల వడ్లు మరకు వేసినవాడి ఇంట మళ్ళీ నాట్లు పడవు అనేది మా అమ్మ. జర్మనీలోనూ అదే మాట ఉందన్నమాట" అంది అమ్మ.

నాయనమ్మ చేతులు

1919లో కేటెకి ప్రష్యా కళల అకాడమీలో సభ్యత్వం, ప్రొఫెసర్ బిరుదు వచ్చాయి. 1924లో 'మళ్ళీ యుద్ధం వద్దు' అని చేయెత్తి అరిచే యువకుడి పోస్టర్ గీసింది. ఆకలితో గిన్నెలు చాపిన పిల్లల పోస్టరూ ఆ కాలంలోదే. ఈలోగా పెద్దకొడుకు హన్స్ డాక్టరయ్యాడు, పెళ్ళయింది, 1921లో మనవడు పుట్టాడు. పోయిన తమ్ముడి పేరే పెట్టుకున్నారు, పీటర్ అని. 1923లో కవల మనవరాళ్ళు, 1930లో ఇంకో మనవడు. బొమ్మల్లో ఎప్పుడూ దుఃఖమేనా అనుకునేవాళ్ళు ఆవిడ పిల్లల్ని గీసిన తీరు చూడాలి. పిల్లల్ని ఎత్తుకుని నవ్వే తల్లులు, మనవల తలలు బోలెడు కనిపిస్తాయి.

1933లో హిట్లర్ వచ్చాడు. అతన్ని ఆపడానికి వామపక్షాలు ఒకటవ్వాలన్న విజ్ఞప్తి మీద కేటె, కార్ల్ ఇద్దరూ సంతకాలు చేశారు. దాంతో ఆవిడనీ, రచయిత హైన్రిఖ్ మన్‌నీ అకాడమీ నుంచి తప్పుకునేలా చేశారు. కార్ల్‌కి బీమా రోగుల్ని చూసే హక్కు కొంతకాలం పోయింది. 1936లో రహస్య పోలీసులు ఇంటికొచ్చి ప్రశ్నించి, వయసు చూడం, నిర్బంధ శిబిరానికి పంపుతామని బెదిరించారు. అప్పటికి ఆవిడకి 69. దేశం వదిలిపోయే వీలున్నా పోలేదు. కొడుకు, మనవలు ఇక్కడున్నారు.

1940లో కార్ల్ పోయాడు. రెండో యుద్ధం మనవడి వయసు పిల్లల్ని లాగేసుకుంటున్న సమయంలో, 74 ఏళ్ళ వయసులో, ఆవిడ తన చివరి లిథోగ్రాఫ్ గీసింది. ఓ ముసలితల్లి రెండు చేతులూ చాపి ముగ్గురు కుర్రాళ్ళని కోడి పిల్లల్ని కప్పినట్టు పైటకింద కప్పేసింది. కుర్రాళ్ళు ఊరుకోరు. కళ్ళు మెరుస్తూ, ఎప్పుడు బయటికి దూకుదామా అని తొంగిచూస్తుంటారు. తల్లి చేతులు మాత్రం కదలవు. బొమ్మ పేరు 'విత్తనాల గింజల్ని పిండి కొట్టకూడదు'.

ఆ బొమ్మ పూర్తయిన 1942లోనే, సెప్టెంబరులో, మనవడు పీటర్ రష్యాలో చనిపోయాడు.

1943లో బాంబుదాడులకి బెర్లిన్ వదలాల్సి వచ్చింది. ఆ నవంబరులోనే 50 ఏళ్ళ ఇల్లు కూలిపోయింది. ఎన్నో బొమ్మలు కాలిపోయాయి. చివరి నెలలు డ్రెస్డెన్ దగ్గర మోరిట్స్‌బుర్గ్‌లో గడిపింది. మనవరాలు యుట్టా దగ్గరుండి చూసుకుంది. 1945 ఏప్రిల్ 22న కన్నుమూసింది. ఇంకో 16 రోజులుంటే యుద్ధం ముగిసిన వార్త వినేది.

నాయనమ్మ ఏళ్ళతరబడి రాసుకున్న డైరీలని 1989లో పూర్తిగా అచ్చువేయించింది ఆ యుట్టానే. కొడుకుని పంపిన రోజులు, పశ్చాత్తాపం, పని సాగక విసుక్కున్న రోజులు అన్నీ అందులో ఉన్నాయి. నాయనమ్మ పటానికి దండవేసి ఊరుకోకుండా, ఆవిడ తప్పుల్ని కూడా దాచకుండా మనకిచ్చింది. మనవరాలు చేయగలిగిన పని ఇంతకంటే ఏముంటుంది?

వాన కురిసిన రోజు

అమ్మ వెళ్ళేముందు వారం ఊంటర్ డెన్ లిండెన్ వీధిలోని నోయె వాఖెకి తీసుకెళ్ళాను. యుద్ధంలోనూ నియంతృత్వంలోనూ పోయినవాళ్ళకి జర్మనీ కట్టుకున్న స్మారకం అది. పెద్ద ఖాళీ గది. మధ్యలో కేటె చేసిన 'చనిపోయిన కొడుకుతో తల్లి'. ఆవిడ చేసిన అసలుది మూరెడు కూడా ఉండదు. 1993లో దాన్ని పెద్దది చేయించి ఇక్కడ పెట్టారు. పైకప్పులో గుండ్రటి కంత ఉంటుంది. ఆ రోజు వాన. నీళ్ళు నేరుగా ఆ తల్లి మీదే పడుతున్నాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చాక, "తల్లికి గొడుగు పట్టేవాళ్ళు లేరు" అని మాత్రం అంది.

జర్మనీలో నిర్బంధ సైనికసేవని 2011లో నిలిపేశారు. ఇప్పుడు మళ్ళీ చర్చ మొదలైంది. మన పిల్లల్లో చాలామంది ఈ దేశపు పౌరులవుతున్నారు. మా వాడికింకా తొమ్మిదేళ్ళే. ఇవన్నీ వాడిదాకా రాకపోవచ్చు. సైన్యంలో చేరేవాళ్ళది తప్పని నేననను, మా ఊళ్ళోనూ జవాన్ల ఇళ్ళున్నాయి. ఏదో ఒకరోజు ఏదో ఒక సంగతికి వాడు కళ్ళు మెరిపిస్తూ నా ముందు నిలబడి, నాన్నని నువ్వే ఒప్పించమంటాడు. ఆ రోజు సరే అనాలో, నిచ్చెనకి అడ్డం నిలబడాలో నాకు తెలియాలి. ఇద్దరు పెద్దవాళ్ళ కథలు నా దగ్గరున్నాయి, ఒకరిది తెనాలి పక్క పల్లె, ఒకరిది నా కూరగాయల సంత పక్క పార్కు.

మీరు బెర్లిన్ వస్తే షార్లొటెన్‌బుర్గ్ కోట ఆవరణలోని కోల్విట్స్ మ్యూజియం చూడండి. కొలోన్ చుట్టుపక్కలవాళ్ళకి అక్కడా ఒకటుంది. మోరిట్స్‌బుర్గ్‌లో ఆవిడ చివరి ఇల్లూ ఉంది. పెద్దవాళ్ళు ఊరినుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళండి. భాష రాకపోయినా ఆ బొమ్మలు వాళ్ళకి మనకంటే ముందే అర్థమవుతాయి.

అమ్మ విమానం ఎక్కే ముందు మనవడితో చెప్పింది: "ఆ విగ్రహం ఎక్కి ఆడుకోరా, ఏం ఫర్వాలేదు. ఆవిడకి పిల్లలు ఒళ్ళో ఉంటేనే ఇష్టం."